ఎక్స్-రే గది తలుపు మీద తెలుగులో రాయండి

హన్మకొండలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఈ మధ్య మేం చూసిన దృశ్యం ఇది. నాలుగేళ్ల బాబు కిందపడి చెయ్యి వాచింది. ఎక్స్-రే బల్ల మీద పడుకోబెడితే ఏడుస్తూ కదులుతున్నాడు. "అమ్మా, గట్టిగ పట్టుకో, కదలనియ్యకు" అని చెప్పి టెక్నీషియన్ అద్దం వెనక్కు వెళ్లాడు. సీసపు ఏప్రాన్ గోడకు మేకు మీద వేలాడుతూనే ఉంది. దాన్ని తీసి ఆ తల్లికి తొడగాలని ఎవరికీ తోచలేదు. "కడుపుతో ఉన్నావా" అని అడిగినవాళ్లూ లేరు. తలుపు సగం తెరిచే ఉంది. బయట బెంచీ మీద తర్వాతి నంబరు వాళ్లు ఒడిలో పిల్లలతో కూర్చున్నారు. టెక్నీషియన్ ఛాతీకి పెట్టుకోవాల్సిన రేడియేషన్ బ్యాడ్జీ బల్ల సొరుగులో ఉంది.

ఆ ఒక్క ఎక్స్-రేతో ఆ తల్లికి ఏదో అయిపోతుందని మేం అనడం లేదు. చేతికి తీసే ఎక్స్-రేలో పడేది చాలా తక్కువ. మా బాధ ఆ నిర్లక్ష్యం గురించే. ఏప్రాన్ తీయని చెయ్యి రేపు సీటీ గదిలోనూ తీయదు. ఈ రోజు అడగని ప్రశ్న రేపు రెండో నెల గర్భిణినీ అడగరు.

అసలు మన మాటలోనే ఒక చిక్కు ఉంది. అల్ట్రాసౌండ్‌నూ స్కానింగ్ అంటాం, సీటీనీ స్కానింగ్ అంటాం, ఎంఆర్ఐనీ స్కానింగే అంటాం. అల్ట్రాసౌండ్‌లో ఉండేది శబ్దం, ఎంఆర్ఐలో ఉండేది అయస్కాంతం. ఈ రెండింటిలో ఎక్స్-రే కిరణాలు ఉండవు. సీటీలో ఉంటాయి, అదీ మామూలు ఎక్స్-రే కంటే చాలా ఎక్కువ. ఈ తేడా ఎవరూ చెప్పకపోవడంతో ఊళ్లలో రెండు రకాల తప్పులు జరుగుతున్నాయి. ములుగు, భూపాలపల్లి వైపు కొందరు పెద్దవాళ్లు గర్భిణులకు అల్ట్రాసౌండ్ వద్దంటారు, బిడ్డకు కిరణాలు తగులుతాయని. అదే ఇంట్లో తలనొప్పికి సీటీ రాయమని డాక్టరును బతిమాలేవాళ్లూ ఉంటారు, "స్కానింగే గదా సారూ, కోడలు కడుపుతో ఉన్నప్పుడు నాలుగుసార్లు తీసిండ్రు" అంటూ.

లెక్క తెలిస్తే భయమూ తగ్గుతుంది, జాగ్రత్తా పెరుగుతుంది. ఒంటికి తగిలే రేడియేషన్‌ను మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. నేల నుంచి, ఆకాశం నుంచి, పీల్చే గాలి నుంచి, తినే తిండి నుంచి ప్రపంచంలో మనిషికి సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ పడతాయి. మన కరీంనగర్ గ్రానైట్‌లాంటి రాళ్లలోనూ ఆ పాలు కొంత ఉంటుంది. ఛాతీ ఎక్స్-రే ఒకటి 0.1 మిల్లీసీవర్ట్ దాటదు, అంటే ప్రకృతి పదిహేను రోజుల్లో ఇచ్చేంత. తలకు తీసే సీటీ సుమారు 2. పొట్టకు తీసే సీటీ సుమారు 8 నుంచి 10, అంటే మూడు నాలుగేళ్ల సహజ మోతాదు కొన్ని సెకన్లలో.

ఈ కిరణాలు ఒంట్లోంచి పోతూ కణాల్లోని డీఎన్ఏ పోగులను తెంపుతాయి. శరీరం వాటిలో చాలావరకు మళ్లీ అతికించుకుంటుంది. ఒకేసారి లెక్కకు మించి తెగితే కణాలు చచ్చిపోతాయి. ఒళ్లంతా 1,000 మిల్లీసీవర్ట్‌ల దాకా పడితే వాంతులవుతాయి, రక్తకణాలు పడిపోతాయి. 4,000 దాకా పడి వైద్యం అందకపోతే సగం మంది రెండు నెలల్లోపే పోతారు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు కేంద్రం పేలినప్పుడు 134 మంది సిబ్బందికి, మంటలార్పినవాళ్లకు ఈ జబ్బు వచ్చింది. వాళ్లలో 28 మంది కొద్ది నెలల్లోనే చనిపోయారు. ఆసుపత్రి ఎక్స్-రేలు దీని దరిదాపుల్లోకి కూడా రావు.

రెండో రకం నష్టం వెంటనే కనిపించదు. పోగు తప్పుగా అతుక్కున్న కణం ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా మారవచ్చు, మారకపోనూవచ్చు. 1945లో హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బతికినవాళ్లలో మొదట పెరిగింది రక్త క్యాన్సర్, అదీ కొన్నేళ్ల తర్వాత. గడ్డల క్యాన్సర్లు పదేళ్లు దాటాక బయటపడ్డాయి. చెర్నోబిల్ చుట్టుపక్కల పిల్లలకు పాలలో కలిసిన రేడియో అయోడిన్ (కిరణాలు వెలువరించే అయోడిన్) గొంతులోని థైరాయిడ్‌కు చేరి అక్కడ క్యాన్సర్ తెచ్చింది. పిల్లల కణాలు వేగంగా విభజన అవుతాయి, ముందు బతకాల్సిన కాలమూ ఎక్కువ. అందుకే ఒకే మోతాదు పెద్దవాళ్లకంటే వాళ్లకే ఎక్కువ చేటు.

10 మిల్లీసీవర్ట్‌ల సీటీ ఒకటి తీస్తే దానివల్ల రెండు వేల మందిలో ఒకరికి ఎప్పుడో ప్రాణాంతకమైన క్యాన్సర్ రావచ్చని నిపుణుల అంచనా. మన దేశంలో ప్రతి తొమ్మిది మందిలో ఒకరికి జీవితకాలంలో ఏదో ఒక క్యాన్సర్ వచ్చే అవకాశం ఎలాగూ ఉందని జాతీయ రిజిస్ట్రీ లెక్కలు చెబుతున్నాయి. దాని పక్కన పెడితే ఒక స్కాన్ ముప్పు చిన్నదే. యాక్సిడెంట్ అయి తలలో రక్తం గడ్డకట్టిందేమోనన్న అనుమానం ఉన్నప్పుడు సీటీ తీయకపోవడమే ప్రాణం తీస్తుంది. అవసరమైన సీటీని ఎవరూ వద్దనకండి.

అవసరం లేనిదాని సంగతే మేం అడుగుతున్నాం. మహబూబాబాద్‌లో పొట్టకు సీటీ తీస్తారు. వరంగల్ వస్తే "ఆ ఫిల్మ్ సరిగ్గా లేదు, మా దగ్గర తీయించండి" అంటారు. హైదరాబాద్ పోతే అక్కడ మూడోసారి. ప్లాస్టిక్ కవరులో ఫిల్ములు పట్టుకుని రైలెక్కిన మనిషికి ఒక్క వారంలో 25 నుంచి 30 మిల్లీసీవర్ట్‌లు పడతాయి. రేడియేషన్ పనిలో ఉండే ఉద్యోగికి చట్టం అనుమతించే ఏడాది సగటు 20 మాత్రమే. సామాన్య జనానికి 1. రోగికి మాత్రం ఏ పరిమితీ లేదు. వైద్యానికి ఎంత కావాలంటే అంత తీయాల్సిందే కాబట్టి అలా పెట్టలేదు. అందుకే "ఇది ఎందుకు, ముందు తీసింది చాలదా" అన్న ప్రశ్న తప్ప రోగికి వేరే రక్షణ లేదు. ఆ ప్రశ్న అడిగితే కసురుకునే డాక్టర్లూ ఉన్నారు, స్కాన్ స్కాన్‌కూ కమీషన్ లెక్కేసుకునేవాళ్లూ ఉన్నారు. ఇది వరంగల్‌లో ఎవరికీ తెలియని సంగతి కాదు.

కరోనా రోజులు గుర్తు చేసుకోండి. జలుబు చేస్తే చాలు ఛాతీకి సీటీ, నాలుగు రోజులకు మళ్లీ సీటీ. 2021 మేలో ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ డాక్టర్ రణదీప్ గులేరియా ఒక సీటీ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్-రేలతో సమానమని హెచ్చరించారు. అది పాత లెక్క, ఇప్పటి తక్కువ మోతాదు మిషన్లతో 5 నుంచి 10 ఎక్స్-రేలంతే అని రేడియాలజిస్టుల సంఘం ఖండించింది. ఈ రెండు అంకెల మధ్య అంత దూరం ఉందంటే మోతాదు మిషన్‌ను బట్టి, దాన్ని నడిపే చెయ్యిని బట్టి మారుతుందనే అర్థం. అలాంటప్పుడు ఎంత పడిందో రిపోర్టు మీద రాసి ఇవ్వడానికి అభ్యంతరం ఎందుకు? సీటీ మిషన్ ఆ అంకెను తనంతట తానే చూపిస్తుంది.

అల్ట్రాసౌండ్ గదిలోకి వెళ్లి చూడండి. "ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు" అన్న బోర్డు తెలుగులో, పెద్ద అక్షరాలతో ఉంటుంది. చట్టం ఉంది, తనిఖీ ఉంది, శిక్ష పడుతుందన్న టెన్షన్ ఉంది. పక్కనే నిజంగా కిరణాలు వచ్చే గది తలుపు మీద చాలాచోట్ల ఉండేది ఇంగ్లిష్‌లో ఒక స్టిక్కర్, లేదంటే అదీ లేదు. ఇక్కడా నిబంధనలు తక్కువేం లేవు. అణుశక్తి నియంత్రణ మండలి 1983 నుంచి ఉంది. ప్రతి ఎక్స్-రే, సీటీ మిషన్ ఆ మండలి ఈ-లోరా పోర్టల్‌లో నమోదై అనుమతి పొందాలి. గది బయట ఎర్ర లైటు వెలగాలి, హెచ్చరిక బోర్డు ఉండాలి. టెక్నీషియన్ బ్యాడ్జీ పెట్టుకోవాలి. దాన్ని మూడు నెలలకోసారి ల్యాబ్‌కు పంపితే ఆ మనిషికి ఎంత పడిందో తేలుతుంది. సొరుగులో ఉన్న బ్యాడ్జీ సొరుగుకు ఎంత పడిందో చెబుతుంది, ఇరవై ఏళ్లు అక్కడే పనిచేసి కంట్లో శుక్లం వచ్చిన కుర్రాడి గురించి ఏమీ చెప్పదు. ఈ టెక్నీషియన్లలో చాలామంది నెలకు కొద్దిపాటి జీతానికి చేస్తున్నవాళ్లే. వాళ్ల ఆరోగ్యం యజమాని బాధ్యత.

గర్భిణుల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎనిమిదో వారం నుంచి పదిహేనో వారం వరకు బిడ్డ మెదడు రూపుదిద్దుకునే సమయం, అప్పుడు పెద్ద మోతాదు పడితే ప్రమాదం. ఆ పెద్ద మోతాదు అంటే బిడ్డకు 100 మిల్లీగ్రేలకు పైమాట (ఎక్స్-రేల లెక్కలో మిల్లీగ్రే అన్నా మిల్లీసీవర్ట్ అన్నా దాదాపు ఒకటే). ఒకటి రెండు మామూలు ఎక్స్-రేలతో అంత పడదు. నెల తప్పిన సంగతి తెలియక ఛాతీకో చేతికో ఎక్స్-రే తీయించుకున్నంత మాత్రాన గర్భం తీయించుకోవాల్సిన పని లేదు. ఎవరైనా అలా సలహా ఇస్తే ఆగి, పెద్దాసుపత్రిలో రేడియాలజీ డాక్టరును కలవండి.

కాలనీలో సెల్ టవర్ పడితే మనవాళ్లు ప్రజావాణికి దరఖాస్తు పట్టుకెళ్తారు. వాళ్ల ఆందోళనను మేం తీసిపారేయం. అయితే టవర్ తరంగాలకు డీఎన్ఏను తెంపేంత శక్తి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో వాటిని క్యాన్సర్ కారకం 'కావచ్చేమో' అన్న జాబితాలో పెట్టింది. ఎక్స్-రే, గామా కిరణాలు అదే సంస్థ దగ్గర 'కచ్చితంగా కారకం' అన్న జాబితాలో ఉన్నాయి. టవర్ కోసం కలెక్టరేట్ దాకా వెళ్లే కాలనీ సంఘాలు వీధి చివర సెంటర్‌కు అనుమతి ఉందో లేదో కూడా అడగాలని మా కోరిక.

ఇక పాత ఇనుప సామాను దుకాణాల వాళ్లకు. కరెంటు తీసేస్తే ఎక్స్-రే మిషన్‌లో కిరణాలు ఉండవు. కొన్ని పాత పరికరాల్లో ఉండే కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహపు ముక్క అలా కాదు, అది ఎప్పుడూ కిరణాలు వెలువరిస్తూనే ఉంటుంది. 2010లో ఢిల్లీ మాయాపురి స్క్రాప్ మార్కెట్‌లో వేలంలో కొన్న పాత పరికరాన్ని విప్పినప్పుడు లోపలి కోబాల్ట్-60 వల్ల ఒక కూలీ చనిపోయాడు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. పసుపు మీద మూడు రెక్కల ఫ్యాన్ లాంటి గుర్తు కనిపిస్తే సుత్తి పక్కన పెట్టి పోలీసులకు ఫోన్ చేయండి.

అదే కోబాల్ట్ కిరణం ప్రాణం కూడా నిలబెడుతుంది. క్యాన్సర్ గడ్డకు ఆ కిరణాలతో చేసే వైద్యాన్ని మన దగ్గర 'కరెంటు పెట్టడం' అంటారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రికి వెళ్లే ఆడవాళ్లు చాలామంది ఇటువైపు వాళ్లే. ఇరవై అయిదు సిట్టింగులు చెబితే పదిహేనుకే తిరిగొచ్చేస్తారు, పత్తి ఏరే కాలం వచ్చిందనో ఒళ్లు కమిలిందనో. మధ్యలో మానేస్తే గడ్డ మళ్లీ పెరుగుతుంది. ఇంటికొచ్చాక ఇంకో బాధ, మనవడిని దగ్గరికి రానివ్వరు. బయటి మిషన్‌తో కరెంటు పెట్టించుకున్న మనిషి ఒంట్లో ఏ కిరణమూ మిగలదు. అమ్మమ్మ పక్కన పిల్లలను నిశ్చింతగా పడుకోనివ్వండి. థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ మందు తాగినవాళ్లు మాత్రం డాక్టరు చెప్పినన్ని రోజులు దూరంగా ఉండాలి.

వరంగల్, హన్మకొండ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాల వైద్యాధికారులను మేం అడుగుతున్నవి ఇవి. మీ పరిధిలోని ప్రతి ఎక్స్-రే, సీటీ సెంటర్‌కు ఈ-లోరా అనుమతి ఉందో లేదో చూడండి, లేనివాటి పేర్లు బయటపెట్టండి. తీసిన స్కాన్ ఫిల్మ్‌తోపాటు సీడీ కూడా రోగి చేతికి ఇచ్చేలా చూడండి. పిల్లల్ని పట్టుకునే తల్లికి ఏప్రాన్ తొడగకుండా బటన్ నొక్కకూడదని చెప్పండి. ముందుగా ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే మొదలుపెట్టి, గది తలుపు మీద తెలుగులో మూడు ముక్కలు రాయించండి: ఇక్కడ ఎక్స్-రే కిరణాలు వాడతారు. కడుపుతో ఉన్నవాళ్లు, నెల తప్పినవాళ్లు ముందే చెప్పండి. ఎర్ర లైటు వెలిగినప్పుడు తలుపు తెరవకండి. పెయింటరుకు ఒక పూట పని. ఈ నెలలోనే చేయించండి.