"టూల్స్ అంటే ఫారిన్‌వే కొనాలి" అన్న మెసేజ్‌కి నా జవాబు, పాయింట్ పాయింట్‌గా

ఈ మధ్య కార్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, నాకే నలుగురు పంపారు, మా బావ అయితే రెండుసార్లు పంపాడు. చూడనివాళ్ళ కోసం అందులో ఉన్నది చెప్తా. ఇంట్లో కారు పని చేసుకోవాలంటే ఫారిన్ టూల్సే కొనాలంట, ఇండియావి రెండు నెలల్లో అరిగిపోతాయంట. అంత డబ్బు లేకపోతే ఎక్కువ పీసులున్న పెద్ద కిట్ ఒకటి కొనేస్తే జన్మకి సరిపోద్దంట. పానా మీద క్రోమ్ వెనేడియం అని ఉంటే కళ్ళు మూసుకుని కొనొచ్చంట. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించాలో అంతకే సెట్ చేసుకునే పానా) దండగంట, చేత్తో గట్టిగా బిగిస్తే చాలంట. కారుతో వచ్చిన జాకీ ఉండగా ఇంకేమీ అక్కర్లేదంట.

నేను మెకానిక్‌ని కాదు, కానీ పదకొండేళ్ళుగా ఇంటి ముందు మా బండ్ల పని నేనే చేసుకుంటున్నా. ఈ మెసేజ్ నమ్మితే కొత్తగా మొదలుపెట్టే కుర్రాళ్ళ డబ్బులు పోతాయి, ఆ చివరి మాట నమ్మితే ప్రాణం మీదకే వస్తుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ముందు ఆ ఇండియా టూల్స్ అరిగిపోతాయన్న మాట. అన్నా, బెజవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డుకైనా వెళ్ళి మెకానిక్ పెట్టె ఒకసారి తెరిచి చూడండి, టపారియా ఉంటుంది, ఇంకా మన దేశంలో చేసిన పానాలే ఎక్కువ ఉంటాయి, పొద్దున్నుంచి రాత్రి దాకా లారీల కింద అవే తిరుగుతుంటాయి. టపారియా వాళ్ళు 1960ల చివర్లో స్వీడన్ కంపెనీ సహకారంతో నాసిక్‌లో మొదలుపెట్టారు. పంజాబ్‌లో జలంధర్, లూధియానా ఊళ్ళు హ్యాండ్ టూల్స్‌కే పేరుబడ్డాయి, అక్కడి సరుకు యూరప్‌కీ అమెరికాకీ కూడా పోతుంది. ఇంకో విషయం, డబ్బా మీద ఫారిన్ పేరు ఉన్నంత మాత్రాన అది ఆ దేశంలోనే తయారైందని కాదు, వెనక్కి తిప్పి చూడండి, తైవాన్ అని, చైనా అని, ఒక్కోసారి మన ఇండియా అనే ఉంటుంది. అలాగని మనవన్నీ బంగారం అని నేను అనట్లేదు, పేరు లేని నాసిరకం మన దగ్గరా బోలెడుంది, మంచి కంపెనీల పేరు కొట్టేసిన నకిలీలు కూడా ఉన్నాయి, అందుకే తెలిసిన షాపులో బిల్లు తీసుకుని కొనండి. దేశం పేరు చూసి మాత్రం ఎంచుకోకండి.

ఫారిన్ వాటికి లైఫ్‌టైమ్ వారంటీ అని కూడా రాశారు అందులో. అమెరికాలో స్నాప్-ఆన్ లాంటి కంపెనీల వ్యాన్లు గ్యారేజీల దగ్గరికే వస్తాయి, విరిగింది ఇస్తే మార్చి ఇస్తారు, అక్కడ అది నిజంగా పనికొచ్చేదే. మా పెదనాన్న కొడుకు డాలస్‌లో ఉంటాడు, వాడైతే అరుదుగా వాడే టూల్ అసలు కొననే కొనడు, ఆటోజోన్‌లో డిపాజిట్ కట్టి తెచ్చుకుని పనైపోయాక ఇచ్చేస్తే డిపాజిట్ వెనక్కి ఇచ్చేస్తారు. గుడివాడలో ఉండి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నోడికి ఆ వ్యాన్ రాదు కదా, విరిగిన గోటీని (బోల్ట్ తల మీద తొడిగే సాకెట్‌ని) ఎవరికి పంపుతాడు, కొరియర్ ఖర్చుకి కొత్తది వచ్చేస్తుంది.

ఇప్పుడు పెద్ద కిట్ సంగతి, దీని దగ్గర కాస్త ఆగాలి ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే, నేనూ ఇక్కడే డబ్బులు పోగొట్టుకున్నా. నా మొదటి కిట్ వందకి పైన పీసులు, ప్లాస్టిక్ సూట్‌కేస్, తెరవగానే తళతళా మెరిసిపోతూ ఉంది, పేరు చెప్పను. మా నాన్న ఆల్టోకి ఆయిల్ మార్చుదామని కింద దూరి డ్రెయిన్ బోల్ట్‌కి గోటీ పెట్టి లాగితే టప్‌మని ఒక శబ్దం, చెయ్యి వెళ్ళి కారు కింద అడ్డంగా ఉండే ఇనప కమ్మీకి తగిలి వేలి కణుపుల దగ్గర తోలు లేచిపోయింది. గోటీ తీసి వెలుతురులో పట్టుకుని చూస్తే అంచు నుంచి కిందకి వెంట్రుకంత సన్నగా పగులు, లోపలి పళ్ళు వెడల్పైపోయి ఉన్నాయి. బోల్ట్ సంగతి ఇంకా ఘోరం, ఆరు మూలలూ చెక్కేసినట్టు పోయి గుండ్రంగా కొత్త రూపాయి బిళ్ళలా మెరుస్తోంది. చివరికి తెలిసిన మేస్త్రిని ఇంటికి పిలిస్తే ఆయన ఒక సైజు చిన్న గోటీ, ఆరు మూలలది, సుత్తితో కొట్టి ఆ గుండ్రటి తల మీదకి ఎక్కించి నిదానంగా తిప్పాడు, ఊడొచ్చింది. ఆ గోటీ మీద అక్షరాలు కూడా అరిగిపోయాయి, ఎన్నేళ్ళ నాటిదో ఆయనకే తెలీదు.

ఆ రాత్రి కూర్చుని కిట్‌లో ఏమేం ఉన్నాయో లెక్కపెట్టా. మూడో వంతుకి పైగా స్క్రూడ్రైవర్ బిట్లే. కొన్ని గోటీలు అంగుళాల సైజులు, మన కార్లకి వాటితో పనే లేదు, పాత అమెరికన్ బండ్లకి కావాలి అవి. కొన్ని 4, 5 మిల్లీమీటర్ల గోటీలు, నా కారు మొత్తం వెతికినా వాటికి ఒక్క బోల్ట్ దొరకలేదు. నిజంగా నేను వాడేవి లెక్కేస్తే పదిహేను దాటలేదు.

మారుతి, హ్యుందాయ్, హోండా, టయోటా లాంటి జపాన్ కొరియా బండ్లకి ఎక్కువగా 8, 10, 12, 14, 17, 19 తోనే పని అయిపోతుంది. యూరప్ బండ్లకి కొంచెం తేడా, ఒకే ఎం8 (8 మిల్లీమీటర్ల లావు) బోల్ట్‌కి జపాన్ వాళ్ళు 12 తల పెడితే జర్మనీ వాళ్ళు 13 పెడతారు, అందుకే పోలో, ర్యాపిడ్ లాంటివి ఉన్నోళ్ళు 13, 16 ముందు కొనుక్కోవాలి, నక్షత్రం ఆకారం టార్క్స్ బిట్లు కూడా కావాలి, వీల్ బోల్ట్‌కి 17. ఈ వివరం ఏ కిట్ డబ్బా మీదా రాయరు. కాబట్టి షాపుకి వెళ్ళే ముందు మీ కారు బానెట్ తెరిచి మీరు చెయ్యాలనుకున్న పనికి ఏ సైజులు కావాలో కాగితం మీద రాసుకోండి, బ్యాటరీ టెర్మినల్‌కి ఇంత, ఎయిర్ ఫిల్టర్ బాక్స్‌కి ఇంత, స్పార్క్ ప్లగ్గులకి ఇంత అని. ప్లగ్ గోటీ మాత్రం బండిని బట్టి ఎక్కువగా 16 కానీ 21 కానీ కావాలి, లోపల రబ్బరో అయస్కాంతమో ఉన్నదే తీసుకోండి, లేకపోతే ఊడదీసిన ప్లగ్ లోపలే ఉండిపోతుంది, బిగించేటప్పుడు జారిపడితే ప్లగ్ చివర నిప్పురవ్వ ఎగిరే గ్యాప్ దెబ్బతింటుంది.

విడిగా కొంటే ఖర్చెక్కువ అంటారు. కాదు, హైదరాబాద్ రాణీగంజ్‌లో అయినా మన ఆటోనగర్‌లో అయినా పానాలు ఒక్కొక్కటి విడిగా ఇస్తారు, ఈ నెల రెండు, వచ్చే నెల రెండు కొనుక్కోవచ్చు, పోయిన సైజు ఒక్కటే మళ్ళీ తెచ్చుకోవచ్చు.

తర్వాతది క్రోమ్ వెనేడియం. అది ఉక్కులో ఏం కలిపారో చెప్పే మాట అంతే, ఆ ఉక్కుని ఎలా కాల్చి ఎలా చల్లార్చారో చెప్పదు. మన ఊళ్ళో కమ్మరి కొడవలి చేసేటప్పుడు చూసినోళ్ళకి ఇది వెంటనే అర్థమవుద్ది, ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి, మళ్ళీ కొంచెం వేడి చూపించి తీస్తాడు, ఆ చివరి వేడి లెక్క తప్పితే అదే ఇనుము అదే కొలిమి అయినా కొడవలి రాయికి తగిలితే పుటుక్కున విరుగుతుంది, లేకపోతే మెత్తగా వంగిపోతుంది. పానా కూడా అంతే, గట్టిదనం ఎక్కువైతే విరుగుతుంది, తక్కువైతే నోరు తెరుచుకుంటుంది. పైగా ఆ అక్షరాలు అచ్చు కొట్టడానికి ఎవడికీ డబ్బు ఖర్చు కాదు, మెరుపు అనేది పైన పూత. నట్లు విప్పే ఎయిర్ గన్‌కో ఇంపాక్ట్ గన్‌కో పెట్టే నల్ల గోటీలు క్రోమ్ మోలీ అనే ఇంకో రకం ఉక్కు, దెబ్బల్ని తట్టుకుంటాయి, మెరిసే గోటీని గన్‌కి పెడితే పగిలి ముక్క మొహం మీదకి ఎగిరే ప్రమాదం ఉంది, ఈ తేడా ఆ మెసేజ్ రాసినాయన ఎక్కడా చెప్పలేదు.

మరి కౌంటర్ దగ్గర ఎలా తెలుసుకోవాలి అంటే నేను చేసేది చెప్తా. జేబులో రెండు కొత్త బోల్టులు వేసుకుని వెళ్తా, ఒకటి 10 తలది ఒకటి 14 తలది. పానా నోట్లో బోల్ట్ పెట్టి అటూ ఇటూ ఆడిస్తా. లొడలొడా ఊగిందా, పక్కన పెట్టేస్తా, ఎందుకంటే ఆ సందే రేపు బోల్ట్ మూలల్ని తినేది. మంచి పానా అయితే బోల్ట్ సాఫీగా దిగి కూర్చుంటుంది, తిప్పితే కదలిక దాదాపు ఉండదు. రింగు లోపల వేలు పెట్టి తడిమి చూస్తా, పూత గడ్డలు కట్టి ఉంటే వద్దు. ర్యాచెట్ (గోటీ తగిలించి టకటకా తిప్పే పిడి) అయితే చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా తిప్పుతా, పళ్ళు ఎన్నో అడుగుతా, 24 పళ్ళదైతే ఒక్కో క్లిక్‌కి 15 డిగ్రీలు జరపాలి, 72 పళ్ళదైతే 5 డిగ్రీలు చాలు, ఇంజిన్ పక్కన చెయ్యి తిరగని సందులో ఆ తేడా విలువ తెలుస్తుంది. గోటీలు ఆరు మూలలవే తీసుకోండి, పన్నెండు మూలలది తుప్పు పట్టిన బోల్ట్ మీద తొందరగా జారుతుంది. షాపాయన ఇవన్నీ చూడనివ్వకపోతే పక్క షాపుకి వెళ్ళండి.

ఇంకొకటి, మంచి ర్యాచెట్ కొని దానికి ఇనప పైపు తొడిగి లాగకండి, ఎంత ఖరీదైనదైనా లోపల పళ్ళు పోతాయి. బిగుసుకుపోయిన బోల్ట్‌కి పొడుగు బార్ వేరే ఉంటుంది, దానికి ముందు తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఓ అరగంట ఆగండి.

టార్క్ రెంచ్ దండగ అన్న మాటకి లెక్కతోనే జవాబు చెప్తా. చిన్న కార్ల వీల్ నట్టుకి కంపెనీ చెప్పేది 85, 100 న్యూటన్ మీటర్లు (బిగింపు బలాన్ని కొలిచే లెక్క) ఇలా ఉంటుంది, మీ బండిది మాన్యువల్‌లో చూసుకోండి. 85 అనుకుంటే 30 సెంటీమీటర్ల పానా చివర దాదాపు 29 కేజీల బరువు వేస్తే సరిపోయింది. మనోళ్ళు ఏం చేస్తారు, పానా మీద కాలు పెట్టి ఎక్కి నిలబడతారు. 70 కేజీల మనిషి నిలబడితే 200 దాటుతుంది, అంటే కావాల్సిన దానికి రెండు రెట్లకి పైనే! తర్వాత హైవే మీద రాత్రిపూట పంక్చరైతే మీ ఆవిడో మీ నాన్నో ఆ నట్టు విప్పగలరా? నట్టు ఎక్కే స్టడ్ సాగిపోతుంది, దాని మీద మరలు (థ్రెడ్లు) పోతాయి, డిస్క్ వంకరపోయి బ్రేక్ కొడితే స్టీరింగ్ వణుకుతుంది.

చిన్న బోల్టులకైతే ఇంకా జాగ్రత్త కావాలి. 10 పానా పట్టే ఎం6 బోల్ట్‌కి చాలా చోట్ల 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే చెప్తారు, జానెడు కన్నా చిన్న పానాతో ఏడు కేజీల బలం, అంతే. "గట్టిగా" అంటే ఎంత గట్టిగా అని ఆ మెసేజ్ చెప్పదు. ప్లగ్గులు బిగించేది ఇంజిన్ పైన ఉండే అల్యూమినియం హెడ్‌లోకి, అక్కడ థ్రెడ్ పోయిందంటే లేత్ షాపు దాకా వెళ్ళాలి, ఒక్క ప్లగ్ దగ్గర అయ్యే ఆ ఖర్చుకి మామూలు టార్క్ రెంచ్ వచ్చేస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న మేస్త్రి చేతికి ఆ అంచనా ఉంటుంది, నేను ఒప్పుకుంటా, ఏడాదికి రెండుసార్లు పానా పట్టే మన చేతికి ఉండదు. ఐఎస్ఓ 6789 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం క్లిక్ రెంచ్ (సెట్ చేసిన బలం రాగానే క్లిక్‌మనే టార్క్ రెంచ్) 10 న్యూటన్ మీటర్ల పైన ప్లస్ మైనస్ 4 శాతం లోపు ఉండాలి, ఆ సర్టిఫికెట్ డబ్బాలో ఉందేమో చూడండి. వాడాక కనిష్ఠ అంకె దాకా వదులు చేసి పెట్టండి, నట్లు విప్పడానికి మాత్రం దాన్ని ఎప్పుడూ వాడకండి.

ఇక జాకీ. కారుతో వచ్చే కత్తెర జాకీ స్టెప్నీ మార్చడానికి ఇచ్చారు, రోడ్డు పక్కన పది నిమిషాల పని కోసం, మీరు కింద పడుకోవడం కోసం కాదు. దాని మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందకి చెయ్యి కూడా పెట్టొద్దు, తల సంగతి చెప్పక్కర్లేదు. ఆయిల్ జాకీ కూడా అంతే, సీల్ కారితే మెల్లగా దిగుతుంది, ఒక్కోసారి మెల్లగా కూడా కాదు. సిమెంట్ ఇటుకలు పేర్చి వాటి మీద పెట్టడం నేను మా వీధిలోనే చూశా, నా గుండె ఆగినంత పనైంది, ఆ ఇటుక ముందు చెప్పి పగలదు కదా. మీ కారు బరువుకి తగ్గ జాకీ స్టాండ్లు (పైకెత్తిన కారుని ఆనించే ఇనప స్టాండ్లు) జత కొనండి, చదునైన గట్టి నేల మీదే పెట్టండి, హ్యాండ్ బ్రేక్ వేసి, నేల మీద ఉన్న చక్రాలకి ముందూ వెనకా అడ్డం పెట్టండి, స్టాండ్ మీదకి దించాక చేత్తో కారుని ఊపి చూడండి, విప్పిన చక్రాన్ని కూడా పక్కన నిలబెట్టకుండా సిల్ (తలుపుల కింద ఉండే బాడీ అంచు) కిందకి తోసేయండి.

డబ్బులు తక్కువున్నోళ్ళు ఏది ముందు అని అడుగుతారు కాబట్టి చెప్తున్నా, కారు కింద చేసే పని ఉంటే ముందు స్టాండ్లే. కింద పని లేకపోతే 8 నుంచి 19 దాకా మీ బండికి కావాల్సిన రింగు-ఫిక్స్ పానాలు (ఒక చివర రింగు, రెండో చివర తెరిచిన నోరు), ఆరు మూలల గోటీలు ఓ ఆరు, ఒక ప్లగ్ గోటీ, ఒక ర్యాచెట్, ఒక పొడుగు ఎక్స్‌టెన్షన్, నంబర్ 2 స్టార్ (ప్లస్ గుర్తు ఆకారం) స్క్రూడ్రైవర్, ఒక ఫ్లాట్ స్క్రూడ్రైవర్, ఒక కటింగ్ ప్లయర్, వీటితో బ్యాటరీ, ఫిల్టర్లు, ప్లగ్గులు అయిపోతాయి. బ్యాటరీ విప్పేటప్పుడు నెగెటివ్ ముందు తీయండి, పాజిటివ్ ముందు విప్పుతూ పానా బాడీకి తగిలిందంటే నిప్పులు ఎగురుతాయి. టార్క్ రెంచ్ వచ్చే బోనస్‌కి పెట్టుకోండి, అప్పటిదాకా పక్కింటాయన దగ్గరుంటే అడిగి తెచ్చుకోండి. మా బావకి కూడా ఇదే పంపిస్తున్నా, ఆ మెసేజ్ ముందుకి పంపినోళ్ళకి దీన్నీ పంపమని.