చిన్నదని తేల్చేదెవరు?

ఓ ప్రాజెక్టు వల్ల చుట్టుపక్కల ఏ హాని జరుగుతుందో ముందే చెప్పే పర్యావరణ ప్రభావ అంచనా నివేదికను చివరిదాకా చదివేవాళ్లు ఎందరుంటారు? వందల కొద్దీ పేజీలు, ఇంకో ప్రాజెక్టు నివేదిక నుంచి దించేసిన పేరాలు, ఆ చుట్టుపక్కల ఎవరూ చూడని పక్షుల పేర్లు. కాబట్టి చిన్న ప్రాజెక్టులకు పూర్తి అంచనా లేకుండా సరళ పద్ధతిలో అనుమతులిచ్చి, ఈ తంతును సులభం చేయాలన్న వాదనను మేం కొట్టిపారేయడం లేదు. 1970లో ఈ అంచనాను చట్టంలో పెట్టి ప్రపంచానికి దారి చూపిన అమెరికాయే 2023లో పూర్తి నివేదికకు 150 పేజీలు, రెండేళ్లు అని గీత గీసింది. అనుబంధాలకు మాత్రం పరిమితి లేదు. బరువంతా ఇక ఎటు చేరుతుందో వేరే చెప్పాలా!

పేజీలు తగ్గితే కొంపలేం మునగవు. మా భయమల్లా 'చిన్న ప్రాజెక్టు' అన్న ముద్ర గురించే. పెద్ద క్వారీని ఐదు ముక్కలు చేసి ఐదు దరఖాస్తులు పెడితే కాగితం మీద ప్రతిదీ చిన్నదే. లారీలు, దుమ్ము, అడుగంటే బావులు మాత్రం ఒక్కచోటే. సర్వేను ఒక్క ఎండాకాలంతో సరిపెడితే వాగు కాస్తా 'ఎండిన పల్లం' అయిపోతుంది. వానలు పడ్డాక అందులో నడుంలోతు నీళ్లు పారతాయని, చేపలు గుడ్లు పెడతాయని పక్కనున్న రైతుకు తెలుసు. సరళ పద్ధతిలో ఆయన్ని అడిగేవారే ఉండరు. నివేదిక రాసే కన్సల్టెంటుకు ఫీజిచ్చేది ఎలాగూ ప్రాజెక్టు యజమానే.

బ్రెజిల్ 2025లో తెచ్చిన చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. మధ్యస్థాయి కాలుష్యం ఉండే ప్రాజెక్టులకూ స్వీయ ప్రకటనతో, అంటే నిబంధనలు పాటిస్తామని యజమాని రాసిచ్చే మాటతోనే, లైసెన్సు ఇవ్వొచ్చంది. అధ్యక్షుడు లూలా 63 అంశాలను వీటో చేస్తే, పార్లమెంటు ఆ వీటోల్లో చాలావాటిని తిప్పికొట్టింది. అదే దేశంలో బ్రుమాడిన్యో ఇనుప ఖనిజం గనికి 2018 డిసెంబరులో ముప్పు స్థాయిని తగ్గించి చూపి, మూడు దశల విస్తరణ అనుమతులను ఒకేసారి ఇచ్చేశారు. నెలన్నర తిరక్కుండానే, 2019 జనవరి 25న, అక్కడి వ్యర్థాల డ్యామ్ తెగి 270 మంది బురదలో కలిసిపోయారు. ఆ అనుమతి వల్లే డ్యామ్ తెగిందని మేం అనడం లేదు. అంత ప్రమాదం పొంచి ఉన్నచోటు కాగితం మీద మామూలుగా కనిపించడమే మా బెంగ.

ఏ ప్రాజెక్టును ఎందుకు చిన్నదన్నారో కారణాలతో సహా ముందే జనం ముందుంచాలి. ఒకే వాగు మీద ఉన్నవాటన్నింటినీ కలిపి లెక్కగట్టాలి. స్వీయ ప్రకటనతో లైసెన్సు పొందినవాటిలో ఎన్నింటిని అధికారులు వెళ్లి కళ్లారా చూశారో ఏటా చెప్పాలి. ఆ తనిఖీకి సిబ్బంది లేనిచోట సరళ పద్ధతిని మొదలుపెట్టనే కూడదు.