టిఫా స్కాన్ దండగన్న ఆడియోకి జవాబు

మా రాజాం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఆడియో తెగ తిరుగుతోంది. "ఐదో నెల టిఫా స్కాన్ దండగ, అందులో అన్నీ కనబడవు. ఆ కిరణాలు బిడ్డకు ప్రమాదం. లోపాలు వచ్చేది గ్రహణం వల్ల, మేనరికం వల్ల. కనిపించినా తీయించేసుకోమంటారు తప్ప వైద్యం లేదు." ఇదీ అందులో సారం. టిఫా అంటే కడుపులో బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే అల్ట్రాసౌండ్ స్కాన్. పంపినవాళ్లలో మా పెద్దమ్మా ఉంది.

కిరణాల మాట తప్పు. అల్ట్రాసౌండ్ అంటే చెవికి వినబడని శబ్దం. ఎక్స్‌రేలో ఉండే రేడియేషన్ ఇందులో లేదు.

గ్రహణం సంగతి. అరసవల్లి సూర్యనారాయణ స్వామికి నేనూ మొక్కుతాను. కానీ బిడ్డ పెదవి, అంగిలి అతుక్కోవడం మూడు నెలలు నిండేలోపే అయిపోతుంది. ఏడో నెలలో కత్తిపీట దాచేసి, గుక్కెడు నీళ్లివ్వకుండా గర్భిణిని చాప మీద పడుకోబెడితే మిగిలేది ఆమెకు దాహమే.

మేనరికం మాటలో సగం నిజముంది. మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు లోపంతో పుడతారు. మేనబావ మరదళ్లకైతే అది ఇంచుమించు రెట్టింపు. అంటే బయటి సంబంధాల్లోనూ ఉన్నట్టే కదా! "మాది మేనరికం కాదు, స్కానెందుకు" అనడానికి లేదు.

అసలు ప్రమాదం "వైద్యం లేదు" అన్న మాటతోనే. వెన్నుపూస మూసుకోని కొందరు బిడ్డలకు 26 వారాలలోపు గర్భంలోనే ఆపరేషన్ చేస్తున్నారు. పొట్టకూ ఛాతీకీ మధ్య పొరలో రంధ్రం పడి, ఊపిరితిత్తులు ఎదగని బిడ్డకు గాలిగొట్టంలో బెలూన్ పెట్టి, పుట్టేముందు తీసేస్తారు. ఆ రంధ్రం ఎడమవైపు ఉండి, పరిస్థితి తీవ్రంగా ఉన్న కేసుల్లో ఇలా చేస్తే నూటికి 40 మంది బతికి ఇల్లు చేరారనీ, చేయకపోతే 15 మందేననీ 2021లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఇవి శ్రీకాకుళంలో జరిగేవి కావు, ఒప్పుకుంటాను.

చాలా లోపాలకు అంత దూరం పోనక్కర్లేదు. కాన్పు ఎక్కడ జరగాలో ముందే తెలిస్తే చాలు. అన్నవాహిక మధ్యలో తెగిపోయిన బిడ్డను చూడండి. ఉమ్మనీరు ఎక్కువైందనీ, కడుపు సంచి కనబడలేదనీ స్కాన్‌లో అనుమానం రావచ్చు. అది తెలియకపోతే? పుట్టాక నోట్లో నురగ. పాలు పడితే పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారని మాడు మీద తడతాం. ఆ పాలు పోయేది ఊపిరితిత్తుల్లోకి. నర్సు సన్నటి గొట్టం వేస్తే 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అప్పుడు 108 కోసం పరుగు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్లకు పైమాటే. అదే తల్లి పిల్లల సర్జన్ ఉన్నచోట నీళ్లాడితే బిడ్డకు ఆ ప్రయాణమే ఉండదు.

తీయించేసుకోమనడం ఏ డాక్టరూ ఒక్క మాటతో తేల్చేది కాదు. 2021 సవరణ చట్టం ప్రకారం 24 వారాలు దాటాక తీవ్రమైన లోపముందని మెడికల్ బోర్డు నిర్ధారించాలి. తల్లి ఒప్పుకోవాలి. ఒట్టి గ్రహణమొర్రికైతే ఆ ఆలోచనే ఎందుకు? పెదవికి ఏడాదిలోపు, అంగిలికి ఏడాదిన్నరలోపు ఆపరేషన్ చేస్తారు.

ఆడియోలో ఒక్కటి మాత్రం నిజం. స్కాన్‌లో అన్నీ కనబడవు. టిఫా నార్మల్ వచ్చాక కూడా కొందరు పిల్లలకు గుండెలో రంధ్రం బయటపడుతుంది. అందుకే పుట్టిన బిడ్డను తల నుంచి పాదం దాకా చూడమని డాక్టర్ని అడగాలి.

పెద్దమ్మ కోడలికి ఇప్పుడు 19వ వారం. శుక్రవారం స్కాన్‌కి నంబరు రాయించాను. ఆడియో డిలీట్ చేసిందో లేదో నేనడగలేదు.