చచ్చిన విలన్ మళ్లీ లేస్తే తప్పేంటి?

సీక్వెల్‌లో చచ్చిన విలన్‌ని లేపడం ప్రేక్షకుణ్ణి మోసం చేయడమే అని ఒకరు రాశారు, నేనైతే సగమే ఒప్పుకుంటా. 2002 స్పైడర్‌మ్యాన్ సినిమాలో చచ్చిన విలన్ గ్రీన్ గోబ్లిన్ 2021 స్పైడర్‌మ్యాన్‌లో మళ్లీ కనిపిస్తే మా నల్గొండ థియేటర్లో ఈలలే ఈలలు, ఎందుకంటే వాడు ఊరికే మొహం చూపించి పోలేదు, హీరోని పెంచిన మే ఆంటీ ప్రాణం తీసి అతన్ని కుదిపేశాడు. అయినా మనకిది కొత్తా? పురాణ కథలాడే చిందు భాగోతాలు చూసి పెరిగినోళ్లం, హిరణ్యకశిపుడే రావణుడయ్యాడు, ఆ తర్వాత శిశుపాలుడూ అయ్యాడు. శాపం అనే లెక్కుంది కాబట్టి ఎవరూ అడగలేదు. లెక్కాపత్రం లేకుండా లేపితేనే ఒళ్లు మండుతుంది. థోర్ సినిమాల విలన్ లోకీ 2013లో ఉత్తుత్తిగా చచ్చాడు కదా, అందుకే 2018లో నిజంగా చచ్చినా నమ్మకుండా మా తమ్ముడు పాప్‌కార్న్ తింటూనే ఉన్నాడు.