కడుపునొప్పి పేరుతో చెన్నై ప్రయాణం

నెల్లూరు నుంచి తెల్లవారుజామున చెన్నై రైలెక్కే కుటుంబాల్లో కొన్నింటికి అక్కడ మానసిక వైద్యుడితో పని ఉంటుంది, ఊళ్లో మాత్రం పిల్లవాడికి కడుపునొప్పి అని చెప్పి బయలుదేరుతారు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ వైద్యులు ఉండగా, ఆసుపత్రి వరండాలో తెలిసినవారు ఎదురవుతారన్న భయంతో దాదాపు 175 కిలోమీటర్లు పోవడం మన దగ్గర మామూలైపోయింది. రేపు సంబంధాలు ఎలా వస్తాయన్న బెంగే ఇందుకు మూలం. రొట్టెల పండుగకు నెల్లూరు స్వర్ణాల చెరువులో దిగి అందరి ముందూ చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె అడిగి తీసుకోవడానికి మొహమాటపడని మనం మనసు బాగాలేదని చెప్పడానికి ఇంతగా జంకుతున్నాం.

పొదిలి, కనిగిరి వైపు నుంచి పొగాకు అమ్మిన డబ్బుతోనో, బంగారం తాకట్టు పెట్టో పిల్లలను నెల్లూరు హాస్టళ్లలో చేర్చే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. సేద్యాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో వారికి తెలిసినంతగా నాకు తెలియదు. అయితే పక్కన వార్డెను, వెనక వరుసలో తోటి పిల్లలు నిలబడి ఉండగా, ఆదివారం దొరికిన ఆ నాలుగు నిమిషాల ఫోనులో కొడుకు "నిద్ర పట్టడం లేదమ్మా" అంటే, "నీకేం తక్కువ చేశాం నాన్నా?" అన్న జవాబే వస్తోంది. ఆ తర్వాత వాడు ఇంకేమీ చెప్పడు.

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. చదువు మధ్యలో ఆపేసి వచ్చి, గది తలుపు వేసుకుని, పలకరిస్తే పలకని పిల్లలు ఏ లెక్కలోనూ చేరరు. వాడిని ఒంటరిగా వదల్లేక తల్లి పని మానేస్తుంది, కట్టిన ఫీజు వెనక్కి రాదు, తెచ్చిన అప్పుకు వడ్డీ మాత్రం ఆగదు, అక్క పెళ్లి మాటలు సగంలో నిలిచిపోతాయి. ఈ నష్టాన్ని ఆ ఇంటి కర్మ కింద జమకట్టి ఊరు ఊరుకుంటుంది.

విశాఖలో నీట్ శిక్షణకు వచ్చిన ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇస్తూ, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలనీ, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదనీ చెప్పింది. వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గగానే పెట్టె సర్దుకుని కింది సెక్షన్‌కు మారాల్సి వచ్చే పిల్లలకు ఈ రెండో మాట ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. మొదటిదాని విషయంలో నాకొక అనుమానం ఉంది: క్లాసులు తక్కువున్న లెక్చరర్‌నే తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టి, బోర్డు తగిలించి సరిపెడతారు. కనుక తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు ర్యాంకుల సంగతి కాస్త పక్కన పెట్టి, కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు, పిల్లలు చెప్పిన మాట యాజమాన్యం చెవిన పడకుండా ఉంటుందా అని అడగండి. మానసిక ఆరోగ్య సహాయం కోసం కేంద్రం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరును హాస్టల్ ఫోను పక్కన గోడ మీద రాయించమని కూడా అడగండి.