వీడియో చూసి బ్యాండ్‌ని ఇష్టపడితే తప్పేంటి?

ఈమధ్య ఒక పోస్టు వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. నాకే ముగ్గురు పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "వీడియోలు చూసి రాక్ బ్యాండ్లకి ఫ్యాన్స్ అయ్యేవాళ్ళు పాట వినట్లేదు, బొమ్మ చూస్తున్నారు. అసలైన శ్రోత చెవితోనే కనుక్కుంటాడు. ఎంటీవీ వచ్చి రాక్‌ని పాడుచేసింది. వీడియో అంటే డబ్బున్న కంపెనీల వ్యవహారం. అలా పైకొచ్చిన బ్యాండ్లు ఒక్క పాటతో సరి. ఇప్పుడు యాప్‌లే కొత్త పాటలు వెతికి పెడుతుంటే ఇంక వీడియోతో పనేముంది?"

నాకు తెలిసిన రాక్‌లో సగానికి పైగా వీడియోల్లోంచే వచ్చింది. అందుకే ఈ మాటలు వదిలేయబుద్ధి కాలేదు.

"చెవితోనే కనుక్కోవాలి" అంటున్నారు. బాగానే ఉంది, ఎక్కడ కనుక్కోవాలి? నేను పెరిగింది కోస్తాలో ఒక చిన్న టౌన్‌లో. తొంభైల్లో మా రేడియోలో సినిమా పాటలు, లలిత గీతాలు, వార్తలు వచ్చేవి. క్యాసెట్ షాపులో ఇంగ్లీషు పాటలకి ఒక్క అర ఉండేది, అందులోనూ అన్నీ డాన్స్ కలెక్షన్లే. 1991లో స్టార్ టీవీతో పాటు ఎంటీవీ, 1994లో ఛానల్ వీ అనే మ్యూజిక్ ఛానళ్ళు మన దేశానికి వచ్చాయి. మా వీధికి కేబుల్ వచ్చింది అవి మొదలైన కొన్నాళ్ళకి. వీడియో మొదలవగానే తెర కింద ఎడమవైపు మూలలో నాలుగు వరుసలు పడేవి: బ్యాండ్ పేరు, పాట, ఆల్బమ్, కంపెనీ. కొద్ది సెకన్లే ఉండేవి. లెక్కల నోట్సు చివరి పేజీ తెరిచి, పెన్ను పట్టుకుని టీవీ ముందు కూర్చునేవాణ్ణి. మొదట్లో రాసుకోలేకపోతే పాట అయిపోయేటప్పుడు మళ్ళీ పడుతుందని కాచుకునేవాణ్ణి. ఆ స్పెల్లింగ్ చీటీ మీద రాసిస్తేనే షాపాయన హైదరాబాద్ నుంచి తెప్పించేవాడు. చెవిన పడిన పేరుతో వెళ్ళి ఉంటే ఆయనకీ అర్థమయ్యేది కాదు, నాకూ క్యాసెట్ దొరికేది కాదు.

ఇక "పాట వినట్లేదు, బొమ్మ చూస్తున్నారు" అన్న మాట. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. తెలుగువాళ్ళకి పాట అంటే ఏంటో ఒకసారి ఆలోచించండి. మనకి పాట సినిమాలోంచి వస్తుంది. పాడేది ఒకరు, తెర మీద పెదాలు కదిపేది ఇంకొకరు. వయొలిన్లు, తబలా, గిటార్ వాయించినవాళ్ళు స్టూడియోలోనే ఉండిపోతారు, చాలామంది పేర్లు కూడా మనకి తెలియవు. పాట వినగానే హీరో ముఖం గుర్తొస్తుంది. అలాంటి మనకి రాక్ వీడియో మొట్టమొదట చూపించింది వాయించేవాళ్ళని.

అమెరికా రాక్ బ్యాండ్ నిర్వాణా "స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్" వీడియోనే తీసుకుందాం. దర్శకుడు శామ్యూల్ బేయర్. ఒక స్కూల్ జిమ్, మెట్ల మీద పిల్లలు, పొగ, తుడుపుకర్ర పట్టుకున్న ఒక పనివాడు. చివరికి పిల్లలంతా కిందికి దిగి సెట్‌ని పీకి పడేస్తారు. నేను చూసింది మాత్రం డ్రమ్స్ వాయించే డేవ్ గ్రోల్ కాలు. డ్రమ్స్‌లో పెద్దదాన్ని కాలితో తొక్కి మోగిస్తారని అప్పటిదాకా నాకు తెలియదు. పక్కనే పొడుగాటి మనిషి చేతిలో గిటార్‌కి నాలుగే తీగలున్నాయి. అదేంటని కనుక్కుంటే బేస్ అన్నారు. ఆ తర్వాత అదే పాట క్యాసెట్‌లో వింటే ఇంకో పాటలా వినబడింది. పాట మొదటి హోరు తగ్గాక మాటలు మొదలయ్యే చోట గిటార్ రెండే రెండు స్వరాలు మోగించి ఊరుకుంటుంది. అక్కడ పాటని నడిపేది బేస్, డ్రమ్స్. నా చెవికి ఆ సంగతి నేర్పింది కన్నే.

షూటింగ్‌లో చేసేది ముందే రికార్డు చేసిన పాటకి అభినయమే కదా అంటారేమో. నిజమే. అయినా ఏ వాయిద్యం ఎవరి చేతిలో ఉందో, ఏ చెయ్యి ఏ పని చేస్తుందో అందులో కనబడుతుంది. బాగా నచ్చితే కచేరీ రికార్డింగ్ కూడా చూడాలి, నేనూ అదే చేస్తాను.

ఆ వీడియో ఎంత పని చేసిందో చూడండి. ఆ పాట ఉన్న "నెవర్‌మైండ్" ఆల్బమ్ 1991 సెప్టెంబర్ 24న విడుదలైంది. కంపెనీ అమెరికా షాపులకి మొదట పంపింది 50 వేలకు లోపే కాపీలు. 1992 జనవరికల్లా మైకేల్ జాక్సన్ "డేంజరస్"ని దించి అమెరికా ఆల్బమ్‌ల బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది. పాటలో బలం లేకుండా ఇది జరగదు. కానీ ఆ బలాన్ని ఊరూరా తీసుకెళ్ళింది వీడియో.

"ఎంటీవీ వచ్చి రాక్‌ని పాడుచేసింది" అనడం చరిత్ర తెలియక అన్నది. అమెరికాలో ఎంటీవీ మొదలైంది 1981 ఆగస్టు 1న. బీటిల్స్ అంతకు 15 ఏళ్ళ ముందే, 1966లో, తమ పాటలకి చిన్న ఫిల్ములు తీయించి టీవీ కార్యక్రమాలకి పంపారు. బ్రిటన్ బ్యాండ్ క్వీన్ "బొహీమియన్ రాప్సొడీ" వీడియో 1975 నాటిది. పోస్టులో చెప్పని నిజమైన తప్పు ఒకటుంది. తొలి రోజుల్లో ఎంటీవీ నల్లజాతి కళాకారుల్ని దాదాపు పక్కన పెట్టింది. 1983లో బ్రిటన్ రాక్ గాయకుడు డేవిడ్ బోయీ ఆ ఛానల్ ఇంటర్వ్యూలోనే దీని గురించి నిలదీశాడు. కోపం రావాల్సింది దాని మీద. అది ఛానల్ చేసిన అన్యాయం, వీడియో అనే కళది కాదు.

డబ్బు సంగతికి ఒక్క ఉదాహరణ చాలు. అమెరికా బ్యాండ్ ఓకే గో 2006లో ఎనిమిది ట్రెడ్‌మిల్లులు పెట్టి, నలుగురూ వాటి మీద ఎగిరి, జారి, నడిచి, మధ్యలో ఎక్కడా కట్ లేకుండా ఒకే షాట్‌లో వీడియో తీశారు. డాన్స్ కూర్చింది పాటగాడి అక్క. దానికి గ్రామీ అవార్డు వచ్చింది. అక్కడ ఖర్చయింది ఓపిక.

"ఒక్క పాటతో సరి" అనేవాళ్ళు మంగోలియా బ్యాండ్ "ద హూ" గురించి తెలుసుకోవాలి. బ్రిటన్‌లో ఇలాగే పలికే పేరున్న పాత రాక్ బ్యాండ్ ఒకటుంది, ఇది వేరు. 2018లో రెండు వీడియోలు పెట్టారు. పాడేది మంగోలియన్‌లో. గొంతు లోపలి నుంచి ఉరుములా వచ్చే వాళ్ళ సంప్రదాయ గానం అది. మా అక్క కొడుకు లింక్ పంపి "మామయ్యా, ఇది హెవీ మెటలేనా?" అని అడిగాడు. గిటార్లు, డ్రమ్స్ బాగా హోరెత్తించే రాక్‌ని అలా అంటారు. ముందు కళ్ళు మూసుకుని విన్నాను, ఆ జీర ధ్వని దేనిదో అంతుపట్టలేదు. మళ్ళీ చూస్తూ విన్నాను. మోరిన్ ఖూర్ అనే వాయిద్యం. రెండే తీగలు, సంప్రదాయంగా గుర్రపు వెంట్రుకలతో చేస్తారు. కొసన చెక్కిన గుర్రం తల. తీగని కింద చెక్కకి అదమకుండా పక్కనుంచి గోళ్ళతో ఆనిస్తారు. ఆ ధ్వనిలో జీర ఎందుకుందో అప్పుడు తెలిసింది. ఆ బ్యాండ్ మాయమవలేదు. 2019లో మొదటి ఆల్బమ్, 2022లో రెండోది వచ్చాయి, దేశదేశాలు తిరిగి వాయించారు.

మన ఢిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్‌దీ అదే దారి. యూట్యూబ్‌లో పాత పాటల్ని మెటల్‌గా మార్చి పెట్టడంతో మొదలై, ఢోల్, వేణువు కలిపి సొంత పాటలు కట్టి, 2019లో జర్మనీలోని వాకెన్ మెటల్ ఉత్సవంలో వాయించారు. "రక్షక్" ఆల్బమ్ 2022లో, ఇంకొకటి 2025లో వచ్చాయి. ఇన్నేళ్ళ పనిని ఒక్క పాట అనలేం.

చివరిది యాప్‌ల సంగతి. యూట్యూబ్ కూడా అల్గారిథమ్‌తోనే నడుస్తుంది, కాదనను. కానీ యాప్‌లో పాట వంట చేస్తుంటేనో బస్సులో పోతుంటేనో వెనకాల మోగుతుంది. మనం ఇంతకుముందు విన్నదాన్ని బట్టే తర్వాతి పాట వస్తుంది. బాగుందనుకునేలోపే అయిపోతుంది, ఎవరిదో చూడం. వీడియో అయితే నాలుగు నిమిషాలు కూర్చోవాలి. మా అక్క కొడుకు పంపింది కూడా అలా కూర్చుని చూశాకే. ఇప్పుడు వాడు యూట్యూబ్‌లో మోరిన్ ఖూర్ ఎలా తయారుచేస్తారో చూస్తున్నాడు. నిన్న ఫోన్ చేసి, ఇంట్లో పాత వయొలిన్ ఏమైనా ఉందా మామయ్యా అని అడిగాడు.