108 గళ్ల కార్డుకు ఓ ఉత్తరం

చిలుకూరు ప్రదక్షిణల కార్డు గారికి,

నమస్కారం. నేను గుర్తున్నానా? ఉండను లెండి. ఉస్మాన్ సాగర్ పక్కన ఆ చిన్న బాలాజీ గుడి చుట్టూ తిరిగే అంతమందిలో నన్నెక్కడ గుర్తుపెట్టుకుంటారు? నా చేతి చెమటకు మీరు మెత్తబడిపోయారు కూడా.

మీ పద్ధతంటే నాకిష్టం. కోరిక చెప్పుకోవడానికి 11 చుట్లు, తీరాక 108. హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు. డబ్బడగని దేవుణ్ని అనుమానించాలన్నా మొహమాటమే. పనయ్యాకే బాకీ కట్టమనే ఇంత మర్యాదస్తుడైన కన్సల్టెంటు అమీర్‌పేట మొత్తం వెతికినా దొరకడు.

నా పేచీ అంతా మీ లెక్కతోనే. నేనూ, మా రూమ్మేటూ ఒకే శనివారం పొద్దున పక్కపక్కనే 11 చుట్లు తిరిగాం. నాకు అమెరికా ఉద్యోగ వీసా హెచ్‌-1బీ తగిలింది, వాడికి తగల్లేదు. నేను మళ్లీ వచ్చి మిమ్మల్ని చేతపట్టి 108 టిక్కులు పెట్టాను. వాడు రాలేదు. ఎందుకొస్తాడు? పని కానివాడికి కార్డు లేదు కదా! కొత్తగా వచ్చినవాళ్లేమో మా గుంపును చూసి ‘అబ్బో, ఇంతమందికి అయిందే’ అనుకుంటున్నారు. కానివాళ్లు ఆ టైముకి ఇంట్లో ముసుగుతన్ని పడుకుని ఉంటారండీ.

ఇది నా సొంత తెలివేమీ కాదు. క్రీస్తుకు నాలుగైదు వందల ఏళ్ల ముందు గ్రీసులో డయాగరస్ అని ఒకాయన ఉండేవాడు. సముద్రంలో ఆపదొస్తే మొక్కుకుని బతికి బయటపడ్డవాళ్ల బొమ్మలు ఆయనకెవరో గుళ్లో చూపించారట. మరి మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ల బొమ్మలేవీ అన్నాడట ఆయన.

రూమ్మేటు మాత్రం స్వామిని ఒక్క మాట అననివ్వడు. వస్తే స్వామి దయ, రాకపోతే వాడి భక్తిలో లోపం, లేదా ఇంతకన్నా మంచిదేదో రాసిపెట్టి ఉండటం. స్వామి ఓడిపోయే దారి ఒక్కటీ ఉంచలేదు. ఇలాంటి లాయరు నాకుంటేనా!

ఏడాదికి 85,000 వీసాలే, మా ఇద్దరి సంగతీ తేల్చింది కంప్యూటర్ తీసిన లాటరీయే అని అమ్మకు విడమరిచి చెప్పాను. అంతా విని, “సరేరా, మరి దణ్ణం ఎవరికి పెట్టను? ఆ కంప్యూటర్ ఎక్కడుందో చెప్పు, దాని చుట్టూ తిరుగుతా” అంది. రుజువుల గురించి నేను దాచుకున్న ఉపన్యాసమంతా గొంతులోనే ఉండిపోయింది.

కాబట్టి మనవి ఒక్కటే. 109వ గడి ఒకటి వేయించండి, ‘కాలేదు’ అని. దాన్ని నింపడానికైనా వాడు ఒకసారి వస్తాడు.

అన్నట్టు, నిన్న పర్సు సర్దుతుంటే మీరు బయటపడ్డారు. 67వ గడి ఖాళీగా ఉంది. ఆ చుట్టు తిరగలేదా, తిరిగీ టిక్కు మర్చిపోయానా? టిక్కు లేనంత మాత్రాన తిరగలేదని రుజువైనట్టు కాదు కదండీ? వచ్చే నెల్లోనే వీసా స్టాంపింగు. కాస్త టెన్షన్‌గా ఉంది.

ఇట్లు,
మీ (బహుశా) ఒక్క చుట్టు బాకీదారు